పైనున్నాయన సంతకం

మా తమ్ముడికి ఎత్తంటే భయం లేదు. చిన్నప్పుడు మేముండే వీధి చివర నీళ్ళ ట్యాంకు ఎక్కి కూర్చునేవాడు. వాణ్ణి దింపడానికి నేను కింద నిలబడి బతిమాలి, తిట్టి, ఆఖరికి ఏడుపు లంకించుకునేదాన్ని. వాడి భయమంతా నేల మీద ఉన్నవాటితోనే. కుక్కంటే భయం, మాస్టారంటే భయం, బల్లకి అవతల కుర్చీలో కూర్చున్న ఏ మనిషన్నా భయమే. కరెంటు బిల్లు తప్పొచ్చిందని ఆఫీసులో చెప్పాలంటే పెళ్ళయిన తర్వాత కూడా నన్ను తోడు తీసుకెళ్ళేవాడు. నేను కాస్త గొంతు పెంచగానే వెనక నుంచి నా చేతిసంచీ పట్టుకుని లాగేవాడు, "ఇక చాలక్కా, పోదాం" అని.

నోట్లో నాలుక లేనివాడంటారే, ఆ రకం. వాడి వాటా కూడా నాకే వచ్చిందని మా అమ్మ అనేది. అమ్మ పోయేనాటికి వాడింకా బడికెళ్తున్నాడు. నేను అప్పటికే ఆసుపత్రిలో దుప్పట్ల గదిలో పనికి చేరాను. ఆ జీతంతోనే వాణ్ణి పెంచాను. పెళ్ళి చేసుకోలేదు. అదేదో త్యాగమని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. నా నోటిని భరించేవాడు దొరకలేదు, అంతే. ఇప్పటికీ అదే గదిలో ఉన్నాను. ఉతికి వచ్చిన దుప్పట్లు చిరుగులు చూసి, మడతపెట్టి, వార్డులకు పంపిస్తాను. రిటైర్మెంటు దగ్గరపడింది.

వాడు రేవులో క్రేను ఆపరేటరయ్యాడు. ఆ పని గురించి కొంచెం చెప్పాలి, లేకపోతే వాడు చేసిన పొరపాటు మీకు ఒట్టి తెలివితక్కువతనంగా కనిపిస్తుంది. క్రేను గది నాలుగు మేడల ఎత్తున ఉంటుంది. అక్కడ ఒంటరిగా కూర్చుని ఇనుప కడ్డీల కట్టలు, యంత్రాల పెట్టెలు ఎత్తి ఓడ కడుపులోకి దించాలి. దించే చోటు పైవాడికి కనబడదు. ఓడ అంచున ఒక మనిషి నిలబడి, లోపలికి తొంగి చూస్తూ, వాకీటాకీలోనూ చేతులతోనూ చెబుతుంటాడు: ఎత్తు, ఆపు, మెల్లగా, దించు. అతన్ని సిగ్నల్‌మ్యాన్ అంటారు. అడుగున సరుకు సర్దే మనుషులుంటారు. సిగ్నల్‌మ్యాన్ దించమంటే దించాలి, ఆపమంటే ఆపాలి. ఎందుకని అడగకూడదు. అడిగేలోపు కింద ఎవరి కాలో నలిగిపోతుంది.

మావాడి సిగ్నల్‌మ్యాన్ వాడికంటే కొంచెం పెద్దవాడు. గొంతు రేవంతా వినబడుతుందని అందరూ అతన్ని "మైకు" అనేవాళ్ళు. మావాడిని "పైనున్నాయన" అనేవాళ్ళు. జీతాల రోజు ఎవరైనా అప్పడిగితే "పైనున్నాయనకి దణ్ణం పెట్టుకో, కరుణిస్తాడేమో" అని మైకు వాకీటాకీలో అరిచేవాడట. ఇంటికొచ్చి ఆ జోకే చెప్పి, మళ్ళీ మళ్ళీ చెప్పి, తనే నవ్వుకునేవాడు మా తమ్ముడు. వాళ్ళిద్దరూ కలిసి పనిచేసినన్నాళ్ళూ ఆ క్రేను కింద ఒక్క మనిషికి వేలు కూడా నలగలేదు.

ఆ సంపాదనతోనే ఇల్లు కట్టుకున్నాడు. ఒక్కసారిగా కాదు. చేతిలో డబ్బాడినప్పుడు గోడ లేచేది, ఆడనప్పుడు ఇసుక కుప్ప మీద పిల్లులు పడుకునేవి. పాత ఓడలు విరగ్గొట్టే చోట చవగ్గా దొరికిందని స్నానాల గదికి గుండ్రటి ఓడ కిటికీ తెచ్చి బిగించాడు. కింద రెండు గదులు వాళ్ళకి, పైన ఒక గది నాకు. మెట్లకి ఇప్పటికీ పిట్టగోడ లేదు. "నీకు ఎత్తంటే భయం లేదు సరే, నా సంగతేంట్రా" అని నేను సణుగుతూనే ఎక్కుతాను. ఆ ఇల్లు తప్ప మా ఇద్దరికీ ఈ భూమ్మీద ఆస్తి అనేది ఏదీ లేదు.

మైకుకి సొంతంగా బతకాలని కోరిక పుట్టింది. లారీ మీద బిగించిన క్రేను ఒకటి కొని, ఇళ్ళు కట్టేచోట్ల అద్దెకు తిప్పితే దొరలా బతకొచ్చని లెక్క వేసుకున్నాడు. బ్యాంకు అప్పిస్తానంది, కానీ హామీ సంతకం కావాలంది. ఇంకెవరున్నారు, మా పైనున్నాయన ఉన్నాడుగా.

ఆ రోజు నేను డ్యూటీలో ఉన్నాను. నాకు చెబితే కాగితాలు చింపి ఆ మేనేజరు బల్ల మీదే పోస్తానని వాడికి తెలుసు, అందుకే చెప్పలేదు. జరిగింది తర్వాత వాడి నోటే విన్నాను. మేనేజరు మంచివాడట, కాఫీ తెప్పించాడట. కాగితాలు వాడి ముందుకు జరిపి, "కంగారు పడకండి, ఇది మా ఫైలు కోసం. బండి రిజిస్ట్రేషన్ అయ్యాక మీ పేరు తీసేస్తాం. ఏదన్నా అయినా ముందు బండినే పట్టుకుంటాం, మీ ఇంటి జోలికి ఎందుకొస్తాం" అన్నాడట. కాగితాల బొత్తి మందంగా ఉంది. మావాడు కలం పట్టుకుని, అలవాటు కొద్దీ తలెత్తి మైకు వంక చూశాడు. మైకు చూపుడువేలు కిందికి పెట్టి చిన్నగా తిప్పాడు. రేవులో దానర్థం దించమని. మావాడు కలం దించాడు.

"అతను కావాలని తిప్పలేదక్కా. చెయ్యి దానంతటదే తిరిగింది" అన్నాడు తర్వాత నాతో. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

మొదట్లో బండి బాగానే తిరిగింది. తర్వాత ఎక్కడో కొత్తగా పూడ్చిన నేల మీద క్రేను నిలబెట్టి బరువెత్తుతుంటే దాని ఇనుప కాలొకటి మట్టిలోకి దిగబడి బండి పక్కకి ఒరిగిపోయింది. మైకు తుంటి ఎముక విరిగింది. బీమా గడువు దాటిపోయిందట, పైసా రాలేదు. విరిగిన బండిని బ్యాంకువాళ్ళు పాత ఇనుము ధరకి అమ్ముకున్నారు. మిగిలిన బాకీ మొత్తానికి నోటీసు మా ఇంటికొచ్చింది.

మా మరదలు ఆ కవరు పట్టుకుని మేడ మీదకి పరిగెత్తుకొచ్చింది. "వదినా, ఇది చదువు, నాకు కళ్ళు తిరుగుతున్నాయి" అంది. చదివాను. అప్పు తీసుకున్నవాడి బాధ్యతెంతో హామీ ఇచ్చినవాడి బాధ్యతా అంతే అని ఉంది. కట్టకపోతే ఇల్లు జప్తు చేసి వేలం వేయిస్తామని ఉంది. నేను మామూలుగా భయపడే మనిషిని కాను. భయపడేవాళ్ళని చూసి విసుక్కునే మనిషిని. ఆ రోజు మాత్రం మెట్లు దిగడానికి గోడ పట్టుకున్నాను.

మైకుని చేర్చింది మా ఆసుపత్రిలోనే. నేను ఒక దుప్పటి భుజాన వేసుకుని, కడుపు మండిపోతుంటే, ఎముకల వార్డుకి వెళ్ళాను. ఏం అడగాలో, ఏమేం తిట్టాలో దారంతా కూడబెట్టుకున్నాను. అతను కాలికి బరువు కట్టి ఉన్న మంచం మీద పడుకుని నన్ను చూడగానే మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

"అక్కా, వాడి పేరు ఎప్పుడో తీసేశారనే అనుకున్నాను. ఆ మేనేజరు అన్నాడు కదా" అన్నాడు. రేవంతా వినబడే గొంతు పక్క మంచానికి కూడా వినబడలేదు.

అతను అబద్ధమాడుతుంటే బాగుండేది. హాయిగా తిట్టి వచ్చేదాన్ని. కింద మాసిన దుప్పటి మార్చి, తలగడ సర్ది వచ్చేశాను. తిట్లన్నీ నా దగ్గరే మిగిలిపోయాయి.

అక్కడి నుంచి మా ఇంట్లో భయం కాపురం పెట్టింది. వీధి తలుపు వేసేసి వెనక తలుపులోంచి తిరగడం మొదలుపెట్టాం. వసూళ్ళకి తిరిగే ఇద్దరు మనుషులు మోటారుసైకిలు మీద వచ్చి ఎదురుగా కూర్చునేవాళ్ళు. ఏమీ అనేవాళ్ళు కాదు, బెదిరించేవాళ్ళు కాదు. ఇంటివైపు చూస్తూ వేరుశనక్కాయలు వలుచుకు తినేవాళ్ళు. వాళ్ళు వెళ్ళాక మా మరదలు చీపురు పట్టుకుని ఆ పొట్టు ఊడ్చేది, అక్కడ పొట్టు లేకపోతే వాళ్ళు రాలేదని నమ్మొచ్చన్నట్టు. బెల్లు మోగితే అందరం ఎక్కడివాళ్ళం అక్కడే ఆగిపోయేవాళ్ళం. ఒకసారి నీళ్ళ మీటరు చూసే అతను వస్తే మా తమ్ముడు స్నానాల గదిలోకి దూరి గొళ్ళెం పెట్టుకున్నాడు. ఆ గుండ్రటి కిటికీలోంచి వాడి కళ్ళు రెండూ మీటరు అతనికి కనబడ్డాయి. "లోపల మనిషున్నట్టున్నాడండీ" అన్నాడతను. "ఉంటాడు, వాడి ఇల్లే కదా" అన్నాను. అన్నానే గానీ, ఆ మాట ఇంకెన్నాళ్ళు అనగలనో తెలియలేదు.

వాళ్ళ కూతురు బడి నుంచి వచ్చి ఒకరోజు నన్నడిగింది, "అత్తా, ఈ ఇల్లు వాళ్ళది అయిపోతే నా బల్ల కూడా వాళ్ళదేనా?"

"నీ బల్ల ఎవడికి కావాలే, దాని కాలు విరిగింది" అన్నాను. అది నవ్వలేదు. బల్ల మీద తన పేరు చెక్కడం మొదలుపెట్టింది. మామూలప్పుడైతే చెవి మెలిపెట్టేదాన్ని. ఆ రోజు చూసీ చూడనట్టు పైకి వెళ్ళిపోయాను.

భయం మావాడి వెంట పైకి కూడా ఎక్కింది. మైకు బదులు వచ్చిన సిగ్నల్‌మ్యాన్ దించమంటే "ఖాయమేనా?" అని అడగడం మొదలుపెట్టాడట. ఒకసారి అడిగి ఊరుకోడు, మళ్ళీ అడుగుతాడు. బరువు గాల్లో ఊగుతూ ఉంటుంది, కింద మనుషులు తలలెత్తి చూస్తుంటారు. ఫోర్‌మన్ పిలిచి, "ఏమయ్యా, ఇన్నేళ్ళ తర్వాత కళ్ళు తిరుగుతున్నాయా" అని గడ్డి పెట్టాడు. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని, "అక్కా, నాకు చెవుల మీద నమ్మకం పోయింది" అన్నాడు. ముద్ద చేతిలోనే ఎండిపోయింది.

బ్యాంకు కోర్టులో దావా వేసింది. వాణ్ణి ఒక లాయరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆవిడ మాటలో మెత్తదనం లేదు, అందుకే నాకు నచ్చింది. కాగితాలన్నీ చదివి, ఒక చోట వేలు పెట్టి చూపించింది. ఈ పత్రంలో రాసినది తప్ప ఎవరు ఎప్పుడు ఏమి చెప్పినా అది ఒప్పందం కిందికి రాదు అని ఉంది అక్కడ.

"మేనేజరు నోటితో చెప్పాడంటున్నారు. చెప్పలేదని బ్యాంకు అంటుంది. మీకు సాక్ష్యం ఏది?" అంది.

"ఆయనే సాక్ష్యం. ఆయన్నే అడుగుతాను" అన్నాను.

లాయరమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "అడగండి. కానీ ఆయన ఒప్పుకున్నా సరిపోతుందని నేను మాటివ్వను" అంది. నేను మొదటి సగమే చెవిన పెట్టాను. ఎందుకంటే అప్పటికి నా భయం ఒక్కటే, మమ్మల్ని ఎవరూ నమ్మరని. నమ్మితే చాలు, ఇల్లు నిలబడుతుందని అనుకున్నాను.

ఆ మేనేజరు అప్పటికే రిటైరయ్యాడు. బ్యాంకులో నాకు తెలిసిన ఊడ్చే ఆవిడ ద్వారా చిరునామా పట్టుకున్నాను. తలుపు గొలుసు తీయకుండా సందులోంచి చూశాడు. తెల్లగా, సన్నగా, చొక్కా గుండీలన్నీ పెట్టుకున్న మనిషి. నేనెవరో చెప్పగానే ఆయన మొహం పాలిపోయింది. ఈయన కూడా భయపడుతున్నాడే అని నాకు ఆశ్చర్యం వేసింది. గొలుసు తీశాడు.

"అన్నాను. కాదనను" అన్నాడు కూర్చోకుండానే. "మీ తమ్ముడితోనే కాదు, అందరితోనూ అనేవాణ్ణి. అలా అనకపోతే ఎవరు పెడతారమ్మా సంతకం? ఏమీ కాదనే అనుకునేవాణ్ణి. చాలామందికి ఏమీ కాలేదు కూడా."

"మావాడికి అయింది" అన్నాను.

"తెలుసు."

"కోర్టుకొచ్చి ఇదే చెప్పండి."

ఆయన కుర్చీ వీపు పట్టుకున్నాడు. "నా పెన్షను ఆపేస్తే?" అన్నాడు. లోపల్నుంచి ఆయన భార్య కాబోలు, వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. నేను కాళ్ళ మీద పడతాననుకున్నాను, పడలేదు, కాళ్ళు కదల్లేదు. "మేం ఎక్కడికి పోవాలండీ" అన్నాను, అంతే. ఆయన వస్తాననీ చెప్పలేదు, రాననీ చెప్పలేదు. వాయిదా దాకా కళ్ళల్లో ఒత్తులు వేసుకుని కూర్చున్నాం.

ఆయన వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతిలో గొడుగుతో, కోర్టు వరండాలో అందరికంటే ముందే వచ్చి నిలబడ్డాడు. బోనెక్కి, ఉన్నదున్నట్టు చెప్పాడు. బండి పట్టుకుంటాం గానీ ఇంటి జోలికి రామని తనే అన్నానన్నాడు. పేరు తీసేస్తామన్నది కూడా తనేనన్నాడు. టైపు చేసే అమ్మాయి టకటకా కొట్టుకుపోతోంది. నేను పక్కనున్న మరదలి చెయ్యి ఎంత గట్టిగా పట్టుకున్నానో, తర్వాత చూస్తే నా గోళ్ళ గుర్తులున్నాయి. గెలిచేశామనుకున్నాను. నిజం బయటపడింది కదా, ఇంకేం కావాలి.

బ్యాంకు లాయరు లేచాడు. అరుస్తాడేమో, అబద్ధాలకోరు అంటాడేమో అని చూశాను. అతను గొంతైనా పెంచలేదు.

"మీరన్న మాట ఈ పత్రంలో ఎక్కడైనా రాశారా?"

"లేదండి."

"అలా రాసే అధికారం మీకుందా?"

"లేదండి."

"చాలు" అని కూర్చున్నాడు. మేం మోసుకొచ్చిన నిజాన్ని అతను కాదనలేదు. దానితో అతనికి పనే లేనట్టుంది.

తర్వాత జడ్జిగారు మా తమ్ముణ్ణి అడిగారు. వాడు బోను కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. నాలుగు మేడల ఎత్తున ఊగే గదిలో గాలివానకి జంకనివాడు, ఆ చెక్క మెట్టు మీద రెండు చేతులా కమ్మీ వదల్లేదు.

"చదవడం వచ్చా?"

"వచ్చండి."

"చదవనివ్వలేదా?"

"చదవనిచ్చారండి. ఎవరూ ఆపలేదు."

"మరెందుకు చదవలేదు?"

"ఆయన చెప్పారు కదండీ. చెప్పాక మళ్ళీ చదివితే ఆయన్ని నమ్మనట్టు ఉంటుంది కదండీ" అన్నాడు.

జడ్జిగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆయన కూడా మనిషే, ఇంట్లో తమ్ముడో బావమరిదో ఉండే ఉంటాడు, ఇక మాకేం భయం లేదని మా మరదలు నా చెవిలో గుసగుసలాడింది.

తీర్పు చెప్పిన రోజు నేను సెలవు పెట్టి వెళ్ళాను. మేనేజరు ఆ మాట అన్నాడని కోర్టు నమ్ముతోంది అని జడ్జిగారు మొదట చదివారు. మా మరదలు కళ్ళు తుడుచుకుంది. తర్వాత చదివింది వేరు. నోటి మాట నిజమే అయినా, రాసి సంతకం పెట్టిన హామీని అది కొట్టేయలేదన్నారు. అలా కొట్టేయనిస్తే రేపు ఏ హామీకీ విలువుండదు, ప్రతివాడూ నాతో మరోలా చెప్పారనే అంటాడన్నారు. చదవగలిగీ చదవకపోవడం సంతకం పెట్టినవాడి బాధ్యతేనన్నారు. హామీ చెల్లుతుంది, బాకీ కట్టాల్సిందేనన్నారు.

ఇది వినడం నా వల్ల కాలేదు. మమ్మల్ని నమ్మకపోతే ఏడ్చి, శాపనార్థాలు పెట్టి, ఇంటికొచ్చేదాన్ని. నమ్మారు. నమ్మి కూడా ఇల్లు తీసుకుంటున్నారు. పైగా ఆయన చెప్పినదాంట్లో తప్పెక్కడుందో నేను ఇప్పటికీ చూపించలేను, అదే నాకు మండుకొచ్చేది. నేను మడతపెట్టిన దుప్పట్లకి వార్డువాళ్ళు సంతకం పెట్టి, తర్వాత "తక్కువిచ్చావు, నీకు నోటితో చెప్పాంగా" అంటే నేను మాత్రం ఒప్పుకుంటానా? మొహాన కొడతాను. కానీ ఇవి దుప్పట్లు కావు. వాడి ఇల్లు.

వరండాలో ఆ ముసలి మేనేజరు మా దగ్గరికి రాబోయి, రాలేక, గొడుగు తెరుచుకుని ఎండలోకి వెళ్ళిపోయాడు.

వారం తిరక్కుండా కొలతలవాళ్ళు వచ్చారు. టేపు ఒక కొస గోడకి పెట్టి, రెండో కొస పట్టుకోమని మా తమ్ముడికే ఇచ్చారు. వాడు పట్టుకున్నాడు. అమ్మేవాళ్ళకి సాయం చేస్తున్నట్టు తన ఇల్లు తనే కొలిపించాడు. మా మరదలు లోపల పడుకుని గోడవైపు తిరిగింది. నేను పైగదిలోంచి కిందికి దిగలేదు. దిగితే ఆ టేపు లాక్కుంటానని నాకు తెలుసు.

బ్యాంకు ఒక దారి చూపించిందని తర్వాత తెలిసింది, అదీ మరదలు చెబితే. నెలనెలా కడతానంటే వేలం ఆపుతారట. కానీ ఉద్యోగం ఉన్న మరో మనిషి హామీ ఉండాలట. మా తమ్ముడు ఈ సంగతి నాకు చెప్పొద్దని ఒట్టేయించుకున్నాడట. ఇల్లు పోతే పోనీ, అద్దెకు ఒక గది చూసుకుంటాను అన్నాడట.

"ఒట్టు తీసి గట్టు మీద పెట్టు" అన్నాను మరదలితో. మెట్లు దిగి, వాణ్ణి పిలిచి, "చొక్కా వేసుకో" అన్నాను.

"వద్దక్కా" అన్నాడు. వాడు నాకు ఎదురు చెప్పడం అదే మొదలు. "నీ రిటైర్మెంటు డబ్బు."

"నా డబ్బు సంగతి నేను చూసుకుంటాను. నువ్వు చొక్కా వేసుకో."

బ్యాంకులో కొత్త ఆఫీసరు, చిన్నవాడు, మర్యాదస్తుడు. నా ముందుకు కాగితాలు జరిపి, "ఏం లేదమ్మా, మామూలు ఫార్మాలిటీయే. మీరేం కంగారు..."

"ఒక్క మాట మాట్లాడకు బాబూ" అన్నాను. "చదువుకోనీ."

చదివాను. మొదటి పేజీ నుంచి, అక్షరం వదలకుండా, వేలు పెట్టుకుని చదివాను. వెనక లైనులో జనం విసుక్కుంటున్నారు, విసుక్కోనీ. ఆ వాక్యం ఇందులోనూ ఉంది, ఎవరేం చెప్పినా లెక్కలోకి రాదని. అక్కడికి రాగానే వేలు ఆగిపోయింది.

"మా తమ్ముడు ఒక నెల కట్టలేకపోతే?" అని అడిగాను.

"అప్పుడు చూద్దాంలెండి, మేమూ మనుషులమే కదా..."

"ఏం రాసుందో అది చెప్పు."

అతను గొంతు సవరించుకున్నాడు. "మీ జీతంలోంచి తీసుకుంటాం."

"రిటైరయ్యాక?"

"మీకొచ్చే మొత్తంలోంచి."

"అది సరిపోకపోతే?"

అతను కలం మూత తీసి నా ముందు పెట్టాడు. మా తమ్ముడు నా కుర్చీ పక్కన నిలబడి ఉన్నాడు. వాడి ఊపిరి నాకు వినబడుతోంది. వాడు వంగి, "అక్కా, నేను నీ దాకా..." అన్నాడు.

"నోరు మూసుకోరా" అన్నాను.

వాణ్ణి ఎన్నోసార్లు తిట్టాను గానీ, నలుగురి ముందు అంత కటువుగా ఎప్పుడూ అనలేదు. వాడి మొహం చిన్నపిల్లాడి మొహంలా అయిపోయింది. వాడు ఏం చెప్పబోయాడో నాకు తెలుసు. నీ దాకా రానివ్వను, ఒక్క నెల తప్పకుండా కడతాను అనేవాడు. మనస్ఫూర్తిగానే అనేవాడు. అందుకే విననివ్వమని నా చెవులు కొట్టుకున్నాయి. ఆ ఒక్క మాట చెవిన పడితే ఈ భయం పోతుంది, కాస్త ఊపిరాడుతుంది. కానీ వింటే నమ్మేస్తాను. వాడు నా తమ్ముడు, నమ్మకుండా ఎలా ఉంటాను?

వాణ్ణి ఆ మాట అననివ్వలేదు. ఎవరి వంకా చూడకుండా సంతకం పెట్టాను.